ఇస్త్రీ కొట్లో మందుబిళ్ళలు

ఫ్యాక్టరీలో ఆవిడని అందరూ గడువక్క అంటారు. ఆవిడ కంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు, ఆవిడా పలుకుతుంది. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు వెనక్కి తిప్పి తారీఖు చూడటం ఆవిడ అలవాటు. కాపురానికొచ్చిన మర్నాడే అత్తగారి పౌడరు డబ్బా తిప్పి చూసి, "అత్తయ్యా, దీని కాలం ఎప్పుడో చెల్లిపోయింది" అంది. ఆ ముసలావిడ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజున కొత్త డబ్బా కొనుక్కొచ్చి, ముఖానికి రాసుకునే ముందు కోడలికే ఇచ్చి తారీఖు చదివించుకుంది. అప్పటినుంచి వాళ్ళిద్దరికీ బాగానే కుదిరింది.

ఆవిడ ఉద్యోగం మాత్రలకు ముసలితనం తెప్పించడం. నవ్వులాటకు అనడం లేదు, నిజంగా అదే పని. కొత్త మాత్ర తయారైతే స్ట్రిప్పుల్లో బిగించి, అట్టపెట్టెల్లో సర్ది, ఆ పెట్టెలు కొన్ని ఆవిడకు అప్పగిస్తారు. ఆవిడ వాటిని పట్టుకెళ్ళి ఒక గదిలో పెడుతుంది. కాగితాల మీద దాని పేరు ఛాంబర్. లోపలికి వెళ్ళొచ్చే వాళ్ళు మాత్రం ఉక్కగది అంటారు. తలుపు తీస్తే చాలు, ఆవిడ కళ్ళద్దాలు మసకబారిపోతాయి, చీర ఒంటికి అంటుకుపోతుంది. బయట మూడేళ్ళలో పడాల్సిన కష్టమంతా మాత్ర ఆ వేడిలో, ఆ తేమలో కొద్ది నెలల్లోనే పడేస్తుంది. మధ్యమధ్యలో కొన్ని బయటికి తీసి పరీక్ష చేసి, గ్రాఫు మీద చుక్క పెట్టాలి. చుక్కలు ఎలా దిగుతున్నాయో చూసి వాటి గుండా గీత గియ్యాలి. ఆ గీతను ముందుకు సాగదీసి, ఇదిగో ఈ మాత్ర ఇన్నాళ్ళు పనికొస్తుంది అని చెప్పాలి. మనం కొనే పెట్టె మీద అచ్చయ్యే తారీఖు వెనక ఇలాంటి మనిషి ఒకరు చెమటలు కక్కుతూ ఉంటారని మనకెందుకు తెలుస్తుంది?

"అయితే రాబోయేది చెప్తావన్నమాట" అంది అత్తగారు ఈ సంగతంతా విని.

"మాత్రల వరకే అత్తయ్యా."

"పోనీలే, మనుషులది చెప్పకు. ఇంట్లో ఉండలేం."

ఇంట్లో ఉండేది ముగ్గురే. ముసలావిడ, గడువక్క, ఆవిడ భర్త. ఆయన్ని వీధి వీధంతా మడత మాస్టారు అంటుంది. ఇంటి ముందు గదే ఆయన ఇస్త్రీ కొట్టు. మూలన ఆవిరి బాయిలరు, దానికి గొట్టంతో తగిలించిన బరువైన ఇస్త్రీపెట్టె, పొడవాటి బల్ల, పైన తీగ మీద వరసగా వేలాడే సూట్లు. ఆయన చొక్కా మడత పెడితే అది విప్పడానికి మనసొప్పదని చెప్పుకుంటారు. మాట నెమ్మది, పని నెమ్మది, కోపం అంతకంటే నెమ్మది. వచ్చేలోపల సగం దారిలోనే చల్లారిపోతుంది.

ఆయనకు చిన్నప్పటినుంచీ ఫిట్స్ ఉన్నాయి. పెళ్ళి మాటలప్పుడు పెద్దలు ఆ సంగతి దాచబోతే ఆయనే పక్కకు పిలిచి ఆవిడతో చెప్పేశాడు. అదే ఆవిడకు నచ్చింది. పైగా ఆయన వేసుకునే మాత్ర ఆవిడ ఫ్యాక్టరీదే. దానికి మూడేళ్ళ గడువు చెప్పింది ఆవిడే. మా ఆయన వంట్లో నా గీతే పని చేస్తోందని అప్పుడప్పుడూ గొప్పలు పోయేది. పొద్దునొకటి, రాత్రి భోజనానికి ముందొకటి. పెళ్ళయ్యాక ఏళ్ళ తరబడి ఆయనకు ఒక్కసారి కూడా రాలేదు. జబ్బు సంగతి ఇంట్లో అందరూ మర్చిపోయారు. చివరికి ఆయన కూడా మర్చిపోవడం మొదలుపెట్టాడు, అక్కడే వచ్చింది చిక్కు.

పెళ్ళిళ్ళ రోజుల్లో కొట్లో సూట్లు గుట్టలు పడ్డాయి. ఆ ఒత్తిడిలో మాస్టారు రెండు మూడు పూటలు మాత్ర మర్చిపోయాడు. స్ట్రిప్పులో మిగిలినవి చూసి గడువక్క పట్టేసింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు గానీ ఆవిడ ఊరుకునే రకమా? బజారుకెళ్ళి పూసలు పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా కొనుక్కొచ్చింది. నిండా చిన్న చిన్న అరలు, పైన ఒకటే మూత. నెల మొదట్లో ఒక సెలవు రోజున కూర్చుని, స్ట్రిప్పులన్నీ ముందేసుకుని, మాత్రలన్నీ ఒక్కొక్కటే నొక్కి తీసి అరకొకటి చొప్పున పెట్టేసింది. మాస్టారు రోజంతా ఉండేది కొట్లోనే కాబట్టి డబ్బాను బల్ల పైన అలమరలో, ఆయన తలెత్తితే కనపడేలా పెట్టింది. ఇప్పుడు వచ్చే పోయే దారిలో ఒక చూపు చూస్తే చాలు, వేసుకున్నాడో లేదో తెలిసిపోతుంది. ఫ్యాక్టరీలో ట్రేలు సర్దే మనిషికి ఇంట్లో కూడా ఒక ట్రే దొరికిందని చాలా సంబరపడింది.

నాలుగు నెలలు అంతా బాగానే నడిచింది. వానలు పట్టాక ఒకరోజు మధ్యాహ్నం మాస్టారు బల్ల పక్కన విరుచుకు పడిపోయాడు.

అన్నేళ్ళ తర్వాత ఫిట్ వచ్చేసరికి ఏం చెయ్యాలో ఇంట్లో ఎవరికీ తోచలేదు. ముసలావిడ కేకలు పెట్టింది. ఎదురింటివాళ్ళు ఫ్యాక్టరీకి ఫోన్ చేశారు. గడువక్క పరుగెత్తుకొచ్చేసరికి ఆయన గోడకు చేరగిలబడి కూర్చుని, ఇంతమంది ఎందుకొచ్చారన్నట్టు చూస్తున్నాడు. ఆవిడ ముందు ఆయన ముఖం చూసింది, వెంటనే డబ్బా చూసింది. పొద్దుటి అర ఖాళీగానే ఉంది.

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. రిపోర్టు చూసి పెదవి విరిచింది.

"రక్తంలో ఉండాల్సినంత మందు లేదు. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నానండీ" అన్నాడు మాస్టారు.

"వేసుకుంటే ఇంత తక్కువ ఉండదు" అందావిడ మెత్తగానే.

దారి పొడుగునా గడువక్కకు బుర్ర పనిచెయ్యలేదు. అరలు ఖాళీ అవుతున్నాయి, రక్తంలో మందు లేదు. మరి మాత్రలు ఎక్కడికి పోతున్నట్టు? ఇంటికి రాగానే ఆవిడకు మాత్రల మీదే అనుమానం వచ్చింది. మాత్రల మీదంటే తన మీదే. మూడేళ్ళని చెప్పింది తనే. గీత తప్పు గీసిందేమో! ఎక్కడో ఒక చుక్క ఉండాల్సిన చోట లేకుండా పోయిందేమో! ఆ మాత్ర ఎన్ని ఇళ్ళల్లో, ఎంతమంది మింగుతున్నారో! ఆ ఆలోచనతో రాత్రంతా మేలుకునే ఉంది.

మర్నాడు బీరువాలోంచి స్ట్రిప్పు ఒకటి, డబ్బాలోంచి మాత్రలు రెండు మూడు పట్టుకెళ్ళి సెక్షన్ పెద్దసారు ముందు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేసింది. పెద్దసారు పెన్ను మూత కొరుకుతూ విన్నాడు. ఆయన మంచివాడే గానీ ఏ మాటా పూర్తిగా అనడు.

"చూద్దామమ్మా, మన మాత్రే కదా, చూస్తే..." అన్నాడు. అంటే చూసుకోమని అర్థం.

గడువక్క స్ట్రిప్పులోవి విడిగా, డబ్బాలోవి విడిగా కల్వంలో వేసి నూరింది. డబ్బాలోవి నూరుతుంటే కొంచెం మొండికేశాయి. రాత్రి నిద్ర లేదు కదా, చేతిలో సత్తువ లేదనుకుంది. మెత్తటి పొడి చేసి, ద్రావకంలో కలిపి, మిషన్లో పెట్టింది. రెండింట్లోనూ మందు ఉండాల్సినంతా ఉంది. వెంట్రుక వాసి తేడా లేదు.

ఆ కాగితం చూసి పెద్దసారు మొదటిసారి మాట పూర్తి చేశాడు. "మాత్ర బంగారంలా ఉందమ్మా. ఇక మనిషిని చూసుకో."

ఈ మాటతో ఆవిడ తేలికపడాలి. గీత తప్పలేదు, ఉద్యోగానికి మచ్చ లేదు. కానీ ఇంటికి నడుస్తుంటే తల ఇంకా ఎక్కువ తిరిగింది. మాత్ర మంచిది, డబ్బా ఖాళీ, రక్తంలో మందు లేదు. మూడూ ఒకేసారి నిజం కావాలంటే దారి ఒక్కటే. ఆయన అరలోంచి తీస్తున్నాడు, నోట్లో వేసుకోవడం లేదు. ఎందుకు? ఇన్నేళ్ళుగా లేనిది ఇప్పుడెందుకు? అడగాలంటే నోరు రాలేదు, అడగకుండా ఉండలేకపోయింది.

అగ్నికి ఆజ్యం పోసినట్టు అత్తగారు ఒక పాత సంగతి బయటపెట్టింది. "చిన్నప్పుడూ ఇంతేనమ్మాయ్. మాత్ర నాలిక కింద దాచుకుని దొడ్లోకెళ్ళి ఉమ్మేసేవాడు. ఒకసారి బీరువా జరిపి ఊడిస్తే గుప్పెడు దొరికాయి."

"అప్పుడు నాకు ఎనిమిదేళ్ళమ్మా!" అన్నాడు మాస్టారు.

"బుద్ధి ఎక్కడికి పోతుందిరా?"

ఆ రాత్రి భోజనాల దగ్గర గడువక్క అడిగేసింది. "నిజం చెప్పండి. మాత్రలు పారేస్తున్నారా?"

"లేదే."

"మరి రక్తంలో ఎందుకు లేదు?"

"నాకేం తెలుసు? అది నువ్వు చెప్పాలి. మాత్రల సంగతి నీకే కదా తెలిసింది."

అందులో వెటకారం లేదు, నిజంగానే ఆవిడ చెప్తుందని ఎదురుచూశాడు. ఆవిడకు మాత్రం అది తప్పించుకునే మాటలా వినిపించింది. అనుమానం వచ్చిన చెవికి అన్నీ అలాగే వినిపిస్తాయి. ఇంకా ఎక్కువ కాపలా కాసింది. డబ్బాను ఇంకాస్త ముందుకు, బాయిలరుకు ఎదురుగా జరిపింది, వాకిట్లోంచి కూడా కనపడాలని. నెలకు సరిపడా తియ్యడం మానేసి రెండు నెలలకూ ఒకేసారి తీసి నింపింది, లెక్క తప్పే వీలు లేకుండా.

రెండోసారి ఫిట్ వచ్చింది. డాక్టరమ్మ మందు పెంచి రాసింది, అయినా రక్తంలో పెరగాల్సినంత పెరగలేదు. ఫిట్ వచ్చిన రోజు పొద్దున్న జరిగింది మాస్టారుకు గుర్తుండదు. "పొద్దున్న వేసుకున్నారా?" అంటే ఖాళీ అర వంక చూసి, "వేసుకునే ఉంటాను" అనేవాడు. మొదట్లో "వేసుకున్నాను" అన్న మనిషి ఇప్పుడు "వేసుకునే ఉంటాను" అంటున్నాడు. మాట మారుస్తున్నాడని గడువక్క దాన్నొక నేరంలా మనసులో వేసుకుంది.

మూడోసారి వచ్చినప్పుడు చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. ఎవరిదో పట్టు చొక్కా కాలిపోయింది, అది సరే. ఆయన ఎడం అరచెయ్యి కమిలి తోలు ఊడింది. కట్టు కట్టించుకుని వచ్చాక ముసలావిడ పెద్దకొడుక్కి కబురు పెట్టింది. ఆయన ఊరి అవతల సామాన్ల దుకాణం నడుపుతాడు. తమ్ముడంటే ప్రాణం. ప్రాణం కాబట్టే గొంతు పెద్దది చేసి మాట్లాడతాడు.

"కొట్టు మూసేద్దాం" అని ఫోన్లోనే తేల్చేశాడు. "బాయిలరు అమ్మేద్దాం. వాడు నా దుకాణంలో కూర్చుంటాడు. కూర్చునే పనే. ఆదివారం వస్తున్నా, మాట్లాడి ముగిద్దాం."

మాస్టారు ఎదురు చెప్పలేదు. ఆ కొట్టు వాళ్ళ నాన్న పెట్టింది కాదు, ఎవరూ ఇచ్చింది కాదు. ఫిట్స్ ఉన్నవాడికి ఎవరూ పని ఇవ్వని రోజుల్లో బొగ్గుల ఇస్త్రీపెట్టె ఒకటి అద్దెకు తెచ్చుకుని ఆయనే మొదలుపెట్టింది. అలాంటిది మూసేస్తామంటే సరే అన్నాడు. ఆ సరే విని గడువక్కకు ఒళ్ళు మండింది. తప్పు చేసినవాడు కాకపోతే ఇంత తేలిగ్గా ఎవడొప్పుకుంటాడు?

ఆదివారం వాన. తలుపులూ కిటికీలూ మూసే ఉన్నాయి. సోమవారానికి ఇవ్వాల్సిన సూట్లున్నాయని మాస్టారు ఒంటి చేత్తోనే పొద్దున్నుంచి బాయిలరు నడుపుతున్నాడు. మధ్యాహ్నం బావగారొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ముసలావిడ స్టూలు లాక్కుంది. గడువక్క గుమ్మంలో ఆగి కళ్ళద్దాలు చీర చెంగుతో తుడుచుకుంది, పెట్టుకుంది, మళ్ళీ మసకబారితే మళ్ళీ తుడుచుకుంది. టీ కప్పులు పెట్టడానికి బల్ల చివర బట్టలు జరిపింది. గంజి డబ్బా వెనక గాజు గ్లాసులో నీళ్ళున్నాయి. అడుగున మాత్ర ఉంది.

దొరికాడు! ఇన్నాళ్ళూ ఎక్కడికి పోతున్నాయో తెలియని మాత్రలు ఇక్కడికి వస్తున్నాయన్నమాట. గ్లాసులో వేసి, నీళ్ళతో సహా మోరీలో పారబోస్తున్నాడు. బాధా కోపమూ ఒకేసారి పొంగుకొచ్చి గ్లాసు ఎత్తి అందరి ముందూ బల్ల మీద పెట్టింది.

"ఇదేంటండీ?"

మాస్టారు వంగి చూశాడు. "పొద్దుటి మాత్ర."

"వేసుకున్నానన్నారుగా?"

"వేసుకుందామనే తీశా. ఈ కట్టుతో పట్టు దొరక్క జారి గ్లాసులో పడిపోయింది. మంచినీళ్ళే కదా, కరిగాక నీళ్ళతో పాటు తాగేద్దామని పక్కన పెట్టా. ఎంతకీ కరగలేదు. ఇంకాసేపు చూద్దాంలే అని పనిలో పడ్డా."

"చాల్లేరా!" అన్నాడు బావగారు. "చిన్నపిల్లాడిలా ఏం కథలివి? అమ్మా, చూశావా నీ కొడుకు?"

"చూస్తున్నా నాయనా, చూస్తున్నా. బీరువా వెనక పోయి ఇప్పుడు గ్లాసులోకొచ్చింది" అని ముసలావిడ ముక్కు చీదింది.

వాళ్ళు ఇంకా ఏవో అంటున్నారు. గడువక్కకు వినపడటం లేదు. ఆవిడ చెవిలో ఒక్క మాటే గిర్రున తిరుగుతోంది. కరగలేదు. పొద్దుటి నుంచి నీళ్ళలో ఉంది, కరగలేదు. ఆ మాత్ర నీళ్ళలో పడితే ఏమవుతుందో ఆవిడకు నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. పొంగి, విచ్చుకుని, టీ చల్లారేలోపు తెల్లటి బురదైపోవాలి. ఇది నున్నగా, గుండీలా కూర్చుని ఉంది.

చెంచాతో నొక్కింది. చెంచా జారింది. గట్టిగా నొక్కింది. గ్లాసు టంగుమంది గానీ మాత్ర చెక్కుచెదరలేదు.

"ఏంటమ్మాయ్ చేస్తున్నావ్?" అంది అత్తగారు.

ఆవిడ లోపలికి పరుగెత్తి బీరువా తీసి, విప్పని స్ట్రిప్పు తెచ్చింది. ఇంకో గ్లాసులో నీళ్ళు పోసి, స్ట్రిప్పులోంచి ఒక మాత్ర నొక్కి అందులో వేసింది. నలుగురూ మూగారు. మాత్ర అడుగుకు చేరి, చుట్టూ మబ్బు పట్టింది. అంచులు విడిపోయాయి. చూస్తుండగానే కుప్పగా కూలి పొడైపోయింది. పక్క గ్లాసులోది అలాగే ఉంది.

"ఇందులో ఏది మంచిది, ఏది కల్తీ?" అన్నాడు బావగారు అయోమయంగా.

"రెండూ ఒక్కటే బావగారూ. ఒకే పెట్టెలోవి."

"ఒకే పెట్టెలోవైతే మరి..."

మరి? ఆవిడా అదే ఆలోచిస్తోంది. ల్యాబులో తను చేసిందేమిటి? కల్వంలో వేసి మెత్తగా నూరింది. నూరాక చూస్తే మందు అంతా ఉంటుంది, ఎందుకుండదు? మాస్టారు కడుపులో కల్వం లేదు కదా. మాత్ర రాయైపోయి, తనలోని మందును తనే పట్టుకుని, విడిచిపెట్టకుండా కడుపులోంచి అలాగే వెళ్ళిపోతోంది. ఎంత మందుందో చూసింది గానీ ఎంతసేపటికి కరుగుతుందో చూడలేదు. మందు సరిపోయింది కదా, ఇంకెందుకులే అనుకుంది.

గాలిలో తేమ నెమ్మదిగా పడితే ఈ మాత్ర గట్టిపడుతుందని తెలియకనా? పెట్టె మీద "వేసుకునేటప్పుడే స్ట్రిప్పులోంచి తీయండి" అని అచ్చు వేయించమని పట్టుబట్టింది ఆవిడే. మూడేళ్ళ గడువు మాత్రది కాదు, స్ట్రిప్పులో ఉన్న మాత్రది. విప్పేస్తే ఆ గీత చెల్లదు. మరి విప్పిందెవరు?

తలెత్తి చూసింది. బాయిలరు బుసకొడుతోంది. గోడల మీద నీటి బొట్లు జారుతున్నాయి. ఎదురుగా అలమరలో ప్లాస్టిక్ డబ్బా, మూత లోపల పట్టిన చెమ్మ. ఫ్యాక్టరీవాళ్ళు పెద్ద మిషన్ పెట్టి ఎంతో కష్టపడి తయారుచేసే ఉక్కగది, వాళ్ళింటి ముందు గదే. అందులో రోజూ తిరుగుతూ రోజూ కళ్ళద్దాలు తుడుచుకుంది. ఒక్కరోజూ తట్టలేదు. ఇది ఇల్లు కదా, ఇల్లు ఛాంబర్ ఎలా అవుతుంది?

కుర్చీ దొరక్క బట్టల మూట మీదే కూర్చుండిపోయింది.

"నేనే చేశాను" అంది. "స్ట్రిప్పులోంచి తీసి పెట్టకూడదు. గాలిలో తేమకు రాయైపోతాయి. నేనే తీశాను, నా చేత్తో. రెండేసి నెలలవి తీసి ఆవిరికి ఎదురుగా పెట్టాను."

ముసలావిడకు సగమే అర్థమైంది. బావగారికి అదీ కాలేదు. ఆయన తమ్ముడి వంకా మరదలి వంకా మార్చి మార్చి చూశాడు.

"అంటే అమ్మా, వీడు పారెయ్యలేదంటావా?"

"పారెయ్యలేదు బావగారూ. ఒక్క పూటా తప్పలేదు. రోజూ వేసుకున్నారు. రాళ్ళు మింగారు."

భర్త తిడతాడేమోనని ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది. మాస్టారు బాయిలరు ఆపాడు. బల్ల చుట్టూ తిరిగొచ్చి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు.

"ఇంకోసారి చెప్పు" అన్నాడు. "నేను రోజూ వేసుకున్నట్టేనా?"

"వేసుకున్నట్టే."

"మర్చిపోలేదు?"

"లేదండీ."

"నువ్వు అన్నిసార్లు అడుగుతుంటే, మర్చిపోతున్నానేమో అనుకున్నా. వేసుకున్నట్టు గుర్తుంటుంది, నువ్వేమో వేసుకోలేదంటావు. మాత్రల సంగతి నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? నా బుర్రే చెడిపోతోందనుకున్నా. ముందు మాత్రలు, తర్వాత గిరాకీల బట్టలు, తర్వాత మీ ముఖాలు..." ఆయన చేతి కట్టు అంచు సర్దుకున్నాడు. "అందుకే అన్నయ్య మూసేద్దామంటే సరే అన్నా."

బావగారు లేచి ముఖం గోడకేసి తిప్పుకున్నాడు. "మూసెయ్యడం లేదురా. డబ్బా తీసి అవతల పారెయ్" అన్నాడు, ఆ గొంతు ఇందాకటిలా లేదు.

ముసలావిడ కొడుకు జబ్బ పట్టుకుని, "నేనూ నమ్మలేదు కదరా నిన్ను" అంటూ ఏడ్చింది. గడువక్కకు ఏడుపు కూడా రాలేదు. ఇన్నాళ్ళూ మాత్ర నమ్మదగిందా, గీత నమ్మదగిందా అని కొట్టుకుంది. ఈ మనిషి తనను నమ్మి, తనను తానే నమ్ముకోవడం మానేశాడు. అది ఆవిడకు ఏ పరీక్షలోనూ కనపడలేదు.

పొద్దుటి మాత్ర ఇంకా పడలేదని గుర్తొచ్చి, స్ట్రిప్పులోంచి ఒకటి తీసి ఇచ్చింది. మాస్టారు అందుకుని నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు.

ఒక సంగతి ఇంతవరకు చెప్పలేదు. చెప్పడానికి మనసొప్పలేదు. రెండోసారి ఫిట్ వచ్చిన దగ్గర్నుంచీ గడువక్క, మాత్ర మింగాక ఆయన చేత నోరు తెరిపించి చూస్తోంది. తను ఎదురుగా ఉన్న ప్రతి పూటా. ఎవరైనా గిరాకీ ఉన్నా సరే.

మాస్టారు గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఎవరూ అడగలేదు. ఆయనంతట ఆయనే ఆవిడ వైపు వంగి, నోరు తెరిచి, నాలిక పైకెత్తి చూపించాడు.